మొక్కుకోడి పుస్తకంలో నేను గీయని పేజీ

పోయిన మంగళవారం పొద్దున బాల్కనీలో తులసి కుండీకి నీళ్లు పోసి, దీపం పెట్టి, కళ్లజోడు తుడుచుకుని ఫోను చేతిలోకి తీసుకునేసరికి మా అపార్టుమెంట్ల సంఘం కార్యదర్శి పంపిన సందేశం కనబడింది. ఆమె పక్క టవర్‌లో ఉంటుంది, మాదాపూర్‌లో ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగం, గోదావరి వైపు పిల్ల, మర్యాదలో ఏ లోటూ లేదు. "ఆంటీ గారూ, ఏమీ అనుకోకండి. భజన హాలు అలమరలో మీరు పెట్టిన కోళ్ల పుస్తకాలు శనివారం లోపు తీసేయగలరా అండి? దేవుడి హాల్లో కోళ్లేంటని కొందరు ఫీలవుతున్నారు. కావాలంటే ఆవులవి పెట్టుకోండి, ఆవులతో ఎవరికీ ఇబ్బంది ఉండదు," అని రాసింది. తీయకపోతే శనివారం భజనకు ముందు పిల్లలతో నేను గడిపే అరగంట ఆపేయవలసి వస్తుందని కూడా చివర చేర్చి, రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టింది. నేను తీయనని ఒక్క మాటలో జవాబు రాసి, స్టవ్వు మీద పాలు పెట్టుకున్నాను.

ఆవుల మీద నాకున్న భక్తి ఎవరికీ తక్కువ కాదు. కానీ ఆవు నవ్వించదు. నాలుగేళ్ల పిల్లను కదలకుండా కూర్చోబెట్టి రెండు కీర్తనలు నేర్పాలంటే దాని తర్వాత నవ్వే పని ఒకటి ఉండాలి, ఆ పనికి దేవుడు సృష్టించిన ప్రాణి కోడి. మెడ ముందుకు పెట్టి, ఒక కాలు గాలిలో ఆపి, ఏదో పెద్ద సంగతి గుర్తొచ్చినట్టు నిలబడి, మరుక్షణం అదంతా మరచిపోయి పేడ గెలికే ఆ జీవిని చూసి నవ్వని పిల్లవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. నా ఈడువాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకు వివరించి చెప్పనక్కర లేదు. మనమంతా చెప్పుల్లేని కాళ్లతో కోళ్ల మధ్య పెరిగినవాళ్లమే.

మా పుట్టిల్లు ఇక్కడికి రెండు బస్సుల దూరం. మా నాన్నను బాపు అనేవాళ్లం, ఆయన వ్యవసాయం చేసేవాడు, శనివారం సాయంత్రం వాకిట్లో పీట వేసుకుని వాడకట్టు వాళ్లందరికీ పురాణం చదివి అర్థం చెప్పేవాడు. మా అమ్మ కోళ్లను పెంచేది. శనివారం పురాణం, ఆదివారం కోడికూర, ఈ రెంటి మధ్యా మా ఇంట్లో ఎవరికీ ఏ తగువూ కనిపించేది కాదు. పురాణం చదువుతుండగా కోళ్లు వచ్చి బాపు చుట్టూ తిరిగేవి, ఒక ఎర్ర పెట్ట అయితే ఆయన మోకాలి పక్కనే కూర్చుని కళ్లు మూసుకునేది. ఒకరోజు అవధూత తన ఇరవైనలుగురు గురువుల గురించి రాజుకు చెప్పే ఘట్టం వచ్చింది. పావురం, కొండచిలువ, చేప, తుమ్మెద, సాలెపురుగు అన్నీ ఉన్నాయి గానీ అందులో కోడి లేదేమిటని నేను అడిగాను. బాపు ఎర్ర పెట్టను చూసి, "అవధూతకు ఇల్లు లేదు బిడ్డా. ఇల్లుంటే కోడే ఇరవై అయిదో గురువు అవుతుండె," అన్నాడు. ఆయన నవ్వుతూ అన్నదాన్ని నేను శాస్త్రంగా తీసుకున్నాను. ఇప్పటికీ అలాగే తీసుకుంటాను.

పెళ్లయి నేను పుప్పాలగూడకు వచ్చినప్పుడు ఇక్కడ గుట్టలూ వరి మళ్లూ సీతాఫలం పొదలూ తప్ప మరేమీ లేవు. అద్దాల మేడల మాట అప్పటికి ఎవరి కలలోనూ లేదు. మా మామ ఊరి భజన మండలికి పెద్ద. మెడలో తులసి మాల, నుదుట నిలువు బొట్టు, నెత్తికి తెల్ల రుమాలు, గొంతు విప్పితే గుట్ట అవతలికి వినపడేది. ఆయన ఇంట్లో ఉల్లిపాయకే అనుమానంగా చోటుండేది, ఇక కోడి మాట ఎక్కడిది. పెళ్లయిన నెలలోపే నేనూ మాల వేసుకున్నాను, మాంసం మానేశాను, అందుకు ఒక్కనాడూ బాధపడలేదు. కూర మీద బెంగ లేదు గానీ కోళ్ల మీద బెంగ పట్టుకుంది. పొద్దున లేచి గంప ఎత్తగానే ఒకదాని మీద ఒకటి పడి బయటికి ఉరికే ఆ సందడి లేని ఇల్లు నాకు ఇల్లులాగా తోచలేదు. అత్తగారింట్లో కొత్త కోడలు పుట్టింటి మనుషులను తలచుకుని ఏడిస్తే అందరూ ఓదారుస్తారు, కోళ్లను తలచుకుని ఏడిస్తే ఏం చెబుతాం. అందుకని గీయడం మొదలుపెట్టాను.

మా మామ ఏకాదశికీ శ్రీరామనవమికీ భజన పిలుపు కాగితాలు అచ్చు వేయించి పంచేవాడు. మిగిలిపోయిన కట్టలు అటక మీద ఉండేవి, ఒక వైపు దేవుని పేరూ భజన వేళా, రెండో వైపు తెల్లగా ఖాళీ. ఆ ఖాళీ వైపు దీపం మసితో, పసుపుతో, బీట్‌రూట్ నీళ్లతో కోళ్లను గీసి, పది పన్నెండు కాగితాలను మధ్యలో దారంతో కుట్టి పుస్తకం చేసేదాన్ని. మండలిలో పిల్లలకు కీర్తనలు నేర్పే పని నా గొంతు బాగుందని మామే నాకు అప్పగించాడు. శనివారం సాయంత్రం పెద్దల భజనకు ముందు మందిరంలో పన్నెండు మంది పిల్లలను కూర్చోబెట్టుకునేదాన్ని. రెండు కీర్తనలు తప్పు లేకుండా చెబితే ఒక కోడి పుస్తకం చదివి చూపించాలి, అదీ మా ఒప్పందం. ఆ ఒప్పందం మీద పిల్లలు ఏడాదిలో నేర్చినన్ని కీర్తనలు పెద్దలకు పదేళ్లలో రాలేదని నేను ఇప్పటికీ ఎవరి ముందైనా చెబుతాను.

మొదటి పుస్తకం పొదిగే పిచ్చి ఉన్న ఒక కోడిది. అది గుడ్ల మీద మాత్రమే కాదు, ఉల్లిగడ్డ మీద కూర్చుంటుంది, దోసకాయ మీద కూర్చుంటుంది, రోకలి మీద కూర్చుని జారిపోతుంది, చివరి బొమ్మలో అరుగు మీద నిద్రపోతున్న తాత బట్టతల మీద కూర్చుని ఎవరొచ్చినా ముక్కుతో పొడుస్తుంది. రెండోది గంప కింద కమ్మిన కోడిది. గంపను గుడి గోపురమనుకుని అది లోపలి నుంచి లోకానికి నీతులు చెబుతుంటుంది, గంప ఎత్తగానే మొదట తనే పోయి వడ్లు దొంగిలిస్తుంది. ఈ రెండు పుస్తకాలతో మండలిలో నవ్వు మొదలైంది. భజన మధ్యలో మామ చెమటకు రుమాలు తీసి తల తుడుచుకుంటే చాలు, ముందు వరుసలో పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకునేవారు. ఆయన మూడు వారాలు చూసి, నాలుగో వారం అన్నం తింటూ నన్ను పిలిచాడు.

"ఏమమ్మా, ఆ తాతకు నా ముక్కే దొరికిందా నీకు?"

"ముక్కు కాదు మామా, తల," అన్నాను.

అత్తమ్మ పళ్లెం అక్కడే వదిలి వంటింట్లోకి పోయింది. ఆమె నవ్వు మాకు వినపడకుండా ఉండటానికి నీళ్ల బిందె దొర్లించిందని తర్వాత తెలిసింది. మామ మాత్రం నవ్వలేదు. పుస్తకం తెమ్మని, తిరగేసి, కాగితం వెనక ఏముందో చూసి ముఖం ఎర్రగా చేసుకున్నాడు. దేవుని పేరు వెనక కోడి బొమ్మా అన్నాడు. వెనక కాకపోతే ముందుండమంటారా మామా అని నేను అడిగాను. ఆ మాట పొగరుతో అన్నది కాదు. సృష్టిలో ఉన్నదంతా ఆయన పేరు వెనకే ఉందని బాపు దగ్గర నేర్చుకున్నదాన్ని. అయినా ఆ రోజు నుంచి ఆయన నా పుస్తకాలను ఒక కంట కనిపెట్టడం మొదలుపెట్టాడు.

అసలు గొడవ మూడో పుస్తకంతో వచ్చింది. మా వైపు ఇంట్లో పిల్లలకు తల్లి పోసి ఒళ్లంతా పొక్కులు లేచినా, జ్వరం ముదిరినా పోచమ్మకు కోడిని మొక్కుకుంటారు. ఆ కోడికి స్నానం చేయించి, రెక్కలకూ కాళ్లకూ పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి వదిలేస్తారు. ఇక బోనాల ఆదివారం దాకా అది తల్లి సొత్తు. దాన్ని ఎవరూ అదిలించకూడదు, రాయి విసరకూడదు, అమ్మకూడదు, వండకూడదు. బోనాల నాడు గుడి ముందుకు తీసుకుపోయి కోస్తారు. మా మండలి వాళ్లు కోతకు దూరమే గానీ మొక్కు అంటే వాళ్లకూ భయమే. ఇలాంటి మొక్కుకోడి దర్జా మీద నేను పుస్తకం గీశాను. తనను ఎవరూ ఏమీ అనరని తెలిసిన ఆ కోడి ఎండబోసిన వడియాల మీద నడుస్తుంది, పంచాయతీ మధ్యలో కూర్చుని పెద్దమనిషి పొడుం డబ్బా తన్నేస్తుంది, పెళ్లికొడుకు తలపాగా ఎక్కుతుంది, అందరూ చేతులు కట్టుకుని చూస్తుంటారు. అది చూసి ఊళ్లో మిగిలిన కోళ్లన్నీ పసుపు గిన్నె ముందు వరసగా నిలబడతాయి. అక్కడితో పుస్తకం అయిపోతుంది. దాని తర్వాత జరిగేది నేను గీయలేదు. నాలుగైదేళ్ల పిల్లల ముందు కత్తిని ఎట్లా గీస్తాను. గీయకపోవడం తప్పని ఆ రోజు తోచలేదు.

పక్కింటి చిన్నపిల్ల ఒకతి పుస్తకం మూసిన తర్వాత కూడా అక్కడే కూర్చుంది. వాళ్లింట్లో ఎనిమిది పిల్లలను వెంటేసుకుని తిరిగే ఒక బూడిదరంగు పెట్ట ఉండేది. బోనాలకు ఆ పిల్ల అక్కా బావా వస్తున్నారని, బావకు ఆ పెట్టనే వండాలని ఇంట్లో అనుకున్నారని ఊరంతటికీ తెలుసు. పసుపు పూసిన కోడిని నిజంగా ఎవరూ కొయ్యరా అని ఆ పిల్ల నన్ను అడిగింది. నేను దీపం వత్తులు సర్దుతూ, పెద్దగా ఆలోచించకుండా, పసుపు పూసిన కోడి జోలికి ఎవరూ పోరమ్మా అని చెప్పాను. ఆ ఒక్క మాట నాది. దాన్ని ఎవరి మీదా తోయను.

బోనాలకు మూడు రోజుల ముందు, గురువారం మధ్యాహ్నం, ఆడవాళ్లంతా నాట్లకు పోయినప్పుడు పన్నెండు మంది పిల్లలూ ఒక్కటయ్యారు. బోనం కోసమని ఇంటింటా కొత్తగా దంచి పెట్టుకున్న పసుపు బయటికి వచ్చింది. పొద్దు గూకే వేళకు పొలాల నుంచి వచ్చిన తల్లులు కోళ్లను కమ్మడానికి గంపలు పట్టుకుని వాకిట్లోకి వస్తే, మా వాడకట్టులో ఉన్న ప్రతి కోడీ, ప్రతి పుంజూ, కాళ్ల కింద కోడిపిల్లలతో సహా బంగారు రంగులో మెరుస్తూ ఎదురొచ్చాయి. ఒకరింట్లో బాతుకు కూడా పూశారు. పిల్లలు చాలా శ్రద్ధగా చేశారు, ఒక్కదానికీ బొట్టు వంకర లేదు.

ఇక ఆ తల్లుల తిట్లన్నీ మా ఇంటి ముందుకే వచ్చాయి. పక్కింటి అక్క, ఆ చిన్నపిల్ల తల్లి, తడిసిన చీర కొంగు నడుముకు చెక్కుకుని మా గడప ముందు నిలబడింది. "నీ కోళ్ల బొమ్మలు పాడుగాను, ఇగ నా అల్లునికి ఏం వండాలె చెప్పు? పప్పా? వాడు తొలిసారి బోనాలకొస్తుండు, పప్పు పెడితే నా బిడ్డను ఈడనే ఇడిసిపోతడు," అంది. వెనక నుంచి ఇంకెవరో, "నీకు పప్పన్న ఉంది, నా ఇంట్ల పసుపు గిన్నె సుత నాకి పెట్టిన్రు," అన్నారు. ఒకామె ఒక కోడిని నీళ్లలో ముంచి కడగబోయి, సగం రెక్క కడిగాక చెయ్యి ఆగిపోయి, తల్లికి పూసిన పసుపు నేను కడుగుతున్నానేమోనని దండం పెట్టి వదిలేసింది. ఆ తర్వాత కడిగే ధైర్యం ఎవరూ చేయలేదు. అసలు మొక్కుకోళ్లు ఏవో తెలియక ఇంకో పరేషాన్ పడింది, ఒకరి మొక్కు మరొకరు చెల్లిస్తే అది పెద్ద దోషం కదా.

ఆ సాయంత్రమే మందిరంలో పెద్దలు కూర్చున్నారు. నన్ను ముందు నిలబెట్టారు. పిల్లలు తల్లుల పక్కన నిలబడ్డారు. మూడు పుస్తకాలూ మామ ముందున్న పీట మీద ఉన్నాయి. దేవుని పేరును అపహాస్యం చేశానని, మందిరంలోకి కోళ్లను తెచ్చానని, పెద్దల తలలతో ఆడుకున్నానని ఒక్కొక్కరే చెబుతూ పోయారు. ఆ మాటలన్నింటికీ నా దగ్గర జవాబుంది, చెప్పాను కూడా. నవ్వు దేవుని గుడిలోకి రాకూడదని ఏ పురాణంలో ఉందో చూపించమన్నాను, వెన్న దొంగిలించి పట్టుబడిన పసివాణ్ణి కొలిచే మనం కోడిని చూసి నవ్వడానికి భయపడటమేమిటని అడిగాను. చివరికి మామ నోరు విప్పాడు. ఆయన అప్పటికి మూడో పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చూశాడు.

"నవ్విచ్చినందుకు నేనేం అంటలేను. నువ్వు సగం కథ చెప్పినవ్. మొక్కుకోడి ఏడికి పోతదో పిల్లలకు చెప్పలే. సగం చెప్పుడు అబద్ధం కంటె పాడు. ఇగ ఇప్పుడు చెప్పు, నువ్వే చెప్పు."

అప్పటిదాకా ఎత్తి ఉన్న నా తల అప్పుడు దిగింది. ఆయన చెప్పింది నిజం. నేను పిల్లల వైపు తిరిగి, మొక్కుకోళ్లను బోనాల నాడు గుడి ముందు కోస్తారని చెప్పవలసి వచ్చింది. పక్కింటి చిన్నపిల్ల మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత, అన్నిటినా అని అడిగింది. బూడిదరంగు పెట్ట ఒక్కటే పోవలసిన చోట ఇప్పుడు ఊరి కోళ్లన్నీ, గుప్పెడంత కోడిపిల్లలతో సహా, తాము పూసిన పసుపు వల్లనే కత్తి కిందికి వెళుతున్నాయని ఆ పన్నెండు మందికీ ఒకేసారి తెలిసింది. వాళ్ల ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది. నా కీర్తనలూ నా పుస్తకాలూ నా మాటా ఇక ఎప్పటికీ వాళ్లు నమ్మరని ఆ క్షణంలో అనిపించింది. పెద్దలు మండలి నుంచి వెళ్లగొడతారన్న భయం దాని ముందు ఏపాటిదీ కాదు.

పోచమ్మ గుడి దీపం చూసుకునే ముసలవ్వ ఒకామె ఉండేది. మా మండలి పెద్దలు ఆమెను మందిరం లోపలికి ఎప్పుడూ పిలిచినవాళ్లు కాదు. ఆ రోజు మొక్కు సంగతి తేల్చేది ఆమే కాబట్టి పిలిచారు. ఆమె గడప దగ్గరే కూర్చుంది, పీట మీది పుస్తకాలను చూడనే లేదు, పెద్దల వాదన వినలేదు. ఏడుస్తున్న చిన్నపిల్లను దగ్గరికి పిలిచి ముక్కు తుడిచింది.

"పసుపు పూసేటప్పుడు తల్లికి ఏం చెప్పినవ్ బిడ్డా?"

"మా కోడిని జర చూసుకో అన్న."

"కోస్త అన్నవా?"

"అనలే."

ముసలవ్వ మోకాళ్లు పట్టుకుని లేచింది. "అయితే ఇంకేంది. చూసుకొమ్మన్నరు, చూసుకుంటది. ఈ ఏడు వీటి మీద కత్తి వెడితె నేను ఒప్ప. పెద్దల మొక్కులు మీదికేడు తీరుతయి, తల్లికేం తొందర లేదు," అని చెప్పి, మామ వైపు చూసి, "నువ్వు ముప్పై ఏండ్లాయె కోళ్లను కొయ్యొద్దు కొయ్యొద్దని గొంతు చించుకోబట్టి. ఈ ఏడు ఆగినయి. సంబురపడక ఏడుపు మొకమేంది?" అని అడిగి వెళ్లిపోయింది.

ఆ ఏడాది బోనాలకు మా వాడకట్టులో కత్తి లేవలేదు. పక్కింటి అల్లుడు పప్పూ గుడ్లూ తిని, ఏమీ అనకుండా, పెళ్లాన్ని తీసుకునే వెళ్లాడు. బంగారు రంగు కోళ్లు వానలకు తడిసి మామూలు రంగుకు వచ్చేదాకా ఊళ్లో రాజుల్లాగా తిరిగాయి, నేను పుస్తకంలో గీసినదంతా, వడియాలతో సహా, నిజంగా జరిగింది. పిల్లలు మళ్లీ నా దగ్గరికి వచ్చారు.

మామ మాత్రం దిగిరాలేదు. తాను జీవితమంతా కోరుకున్నది ఇలా పిల్లచేష్టతో, నవ్వులతో జరగడం ఆయనకు మింగుడు పడలేదని నేననుకుంటాను. ఆయన నాకు రెండు దారులు చూపించాడు. మొక్కుకోడి పుస్తకానికి చివరి పేజీ గీసి కథ పూర్తి చేయాలి, లేదంటే పొయ్యిలో వేయాలి. రెండూ చేయనన్నాను. పిల్లలకు చెప్పవలసింది నోటితో చెప్పాను, ఇక ముందూ ప్రతిసారీ చెబుతాను, దాచను, కానీ కత్తి బొమ్మ నా చేత్తో గీయను, ఆ ముసలవ్వ తీర్పు తర్వాత ఆ పేజీ గీస్తే అదే అబద్ధమవుతుందని చెప్పాను. అయితే పుస్తకాలు మందిరం గడప దాటకూడదన్నాడు. పుస్తకాలు దాటకపోతే నేనూ దాటనన్నాను. ఆ శనివారం నుంచి మందిరం బయట మెట్ల మీద కూర్చున్నాను. పిల్లలు నా చుట్టూ కూర్చున్నారు. లోపల పెద్దలు పాడితే బయట మేం అందుకునేవాళ్లం.

ఇట్లా రెండేళ్లు సాగింది. ఆ రెండేళ్లలో నేను చదివినంత శాస్త్రం ముందూ చదవలేదు, వెనకా చదవలేదు. ఎందుకంటే రోజూ అన్నాలయ్యాక మామ కళ్లజోడు పెట్టుకుని, పురాణం విప్పి, నవ్వు ఎక్కడ తగదో చూపించే ఒక ఘట్టం వెతికి తెచ్చేవాడు. మర్నాటికి నేను దానికి ఎదురు మరో ఘట్టం వెతికి పెట్టుకునేదాన్ని. మా ఆయన మధ్యలోనే లేచి పోయేవాడు, అత్తమ్మ ఇద్దరికీ మజ్జిగ పోసి, మీ కోళ్ల పంచాయితీ తెగేదాకా నాకు నిద్ర రాదని వాకిట్లో కూర్చునేది. ఆయన ఒక్కనాడు కూడా నన్ను ఆడదానివి నీకెందుకు అనలేదు. నేను తెచ్చిన శ్లోకంలో అర్థం తప్పితే దిద్దేవాడు, దిద్దిన తర్వాత అదే శ్లోకంతో నేను ఆయనను కొడితే తల ఊపి ఊరుకునేవాడు.

రెండేళ్లు నిండబోతుండగా ఆషాఢంలో ఒక శనివారం మేం మెట్ల మీద పాడుతుండగా మామ హార్మోనియం చంకన పెట్టుకుని బయటికి వచ్చాడు. లోపల ఉక్కపోస్తోందని ఎవరూ అడగకుండానే చెప్పి, నాకు రెండు మెట్లు పైన చాప వేయించుకుని కూర్చున్నాడు. ఆయన వెనక మండలి అంతా వచ్చింది. చలికాలం వచ్చింది, మళ్లీ ఎండాకాలం వచ్చింది, మా భజన లోపలికి పోలేదు. పుస్తకాల మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చివరి వరకూ నేను తప్పని ఆయన నమ్మాడు, కాదని నేను నమ్మాను, ఒకే తాళానికి ఇద్దరం పాడాం.

ఇప్పుడు ఆ మందిరం ఉన్న చోట రోడ్డు పడింది. వరి మళ్లలో టవర్లు లేచాయి, అందులో ఒకదాని పదిహేడో అంతస్తులో నేనున్నాను. నా పుస్తకాలను మా పెద్దమ్మాయి రంగుల్లో కాపీ తీయించి వైరు బైండింగు చేయించింది. శనివారం హాల్లో కూర్చునే పిల్లల్లో కోడిని ప్రాణంతో చూసినవాళ్లు ఇద్దరో ముగ్గురో. మిగిలినవాళ్లకు కోడి అంటే అట్టలో పేర్చిన గుడ్లు, డబ్బాలో వచ్చే బిర్యానీ. బొమ్మలో కోడి బట్టతల ఎక్కగానే మాత్రం వాళ్లూ అచ్చం ఆ పన్నెండు మంది లాగానే నవ్వుతారు. మొక్కుకోడి పుస్తకం మూసి, ఆ తర్వాత ఏం జరిగేదో, ఆ ఏడు ఏం జరిగిందో నేను నోటితో చెబుతాను. పిల్లలు మళ్లీ చదవమంటారు. ఈ అరగంటనే ఆపేస్తామంటున్నారు.

ఆపనివ్వను. శనివారం నా వేళకు నేను వెళతాను. హాలుకు తాళం వేస్తే లిఫ్టు ముందు నేల మీద కూర్చుంటాను, ఏడు పదుల దగ్గర పడిన మనిషిని అక్కడి నుంచి ఎవరు లేపుతారో చూద్దాం. దేవుని పేరు చెప్పి దేవుడు చేసిన ప్రాణిని అలమరలోంచి తీసేయమనే హక్కు ఏ సంఘానికీ లేదు.

కార్యదర్శి మీద నాకు కోపం లేదు. నిన్న లిఫ్టులో కలిసినప్పుడు, నా పుస్తకంలో నీకేది నచ్చలేదమ్మా అని అడిగాను. "నేను చూడలేదండి ఆంటీ, గ్రూపులో ఎవరో పెట్టారు," అంది. ఎవరని అడిగితే ఆమెకూ తెలియదు. ఫీలైనవాళ్లు ఎందుకు ఫీలయ్యారో చెప్పరు, వచ్చి నా ముందు కూర్చోరు, వాళ్లలో ఎవరూ పుస్తకం విప్పలేదు. మా మామ నన్ను రెండేళ్లు మెట్ల మీద కూర్చోబెట్టాడు, కానీ కూర్చోబెట్టే ముందు నేను గీసిన ప్రతి ఈకనూ చూశాడు, గీయనిదేదో కూడా కనిపెట్టాడు. మళ్లీ అలాంటి పోట్లాట ఒకటి కావాలని ఉంది నాకు. ఇన్ని అంతస్తుల్లో, ఇన్ని వందల ఇళ్లలో, నాది తప్పని చెప్పడానికైనా ఆ పుస్తకాన్ని చివరి దాకా చదివే మనిషి ఒక్కరు దొరకరా అని రోజూ దీపం పెట్టేటప్పుడు మామ పటం వైపు చూస్తుంటాను.